ఏ థియరీ, ఏ మెథడ్? సోషల్ వర్క్ ఫీల్డ్‌లోకి దిగేవాళ్లకు ఒక పోలిక

వరంగల్, హనుమకొండల్లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేస్తూ ఫీల్డ్‌వర్క్‌కు వెళ్తున్నవాళ్లు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి సెంటర్‌లోనో డీ-అడిక్షన్ సెంటర్‌లోనో ఊళ్లలో పనిచేసే సంస్థలోనో కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే. ఈ కేసుకు ఏ థియరీ పెట్టాలి, ఏ మెథడ్ పెట్టాలి? ఈ ప్రశ్న వచ్చేసరికి చాలాసార్లు పని సగం పైనే అయిపోయి ఉంటుంది. ఇళ్లకు వెళ్లారు, మాట్లాడారు, నాలుగు ఆఫీసులు తిరిగారు, ఇప్పుడు రికార్డులో రాయడానికి ఒక పేరు కావాలి. సిస్టమ్స్ థియరీ (మనిషిని ఇల్లు, ఊరు, ఆఫీసులతో ఉన్న సంబంధాల్లో చూసేది) అని రాస్తారు, అది దేనికైనా సరిపోతుంది కాబట్టి. మెథడ్ దగ్గర కేస్‌వర్క్ (ఒక్కో మనిషితో విడిగా చేసే పని) అని రాస్తారు, కలిసింది ఒక్క మనిషినే కాబట్టి. మార్కులు వస్తాయేమో కానీ, ఆ ఇంటికి దాంతో ఒరిగేదేమీ లేదు. అందుకే ముందే ఎట్లా ఎంచుకోవాలో, ఏది ఎక్కడ పనిచేస్తుందో, ఏది ఎక్కడ చెడగొడుతుందో రాస్తున్నాను.

ముందు ఈ రెండింటినీ విడదీసి చూడండి. ఈ మనిషికి కష్టం ఎక్కడి నుంచి వస్తోంది అన్నదానికి మీ దగ్గరున్న జవాబు థియరీ. రేపు పొద్దున ఎవరిని కలుస్తారు, ఏం అడుగుతారు, ఎన్నిసార్లు వెళ్తారు, ఎప్పుడు ముగిస్తారు అన్నది మెథడ్. ఒక థియరీ ఎంచుకుంటే మెథడ్ దానంతటదే వచ్చేస్తుందని అనుకోవద్దు. గ్రూప్‌వర్క్‌నే తీసుకోండి. తాగుడు మానినవాళ్లను కూర్చోబెట్టి ఒకరి అనుభవం ఇంకొకరికి వినిపించినా గ్రూప్‌వర్కే, బీడీలు చుట్టే ఆడవాళ్లను కూర్చోబెట్టి పీఎఫ్ లెక్కలు విప్పి చూపించినా గ్రూప్‌వర్కే. మొదటిదాంట్లో కష్టం మనిషి అలవాటులో ఉందని నమ్ముతున్నారు, రెండోదాంట్లో పనిచేయించుకునేవాడి దగ్గర ఉందని నమ్ముతున్నారు. మెథడ్ ఒకటే, కూర్చునేది ఒకేలాగా, కానీ మీరు అడిగే ప్రశ్నలు పూర్తిగా వేరు.

ప్రతిసారీ థియరీ ముందు పుట్టి మెథడ్ తర్వాత వచ్చిందనీ కాదు. మేరీ రిచ్‌మండ్ 1917లో కేస్‌వర్క్‌కు ఒక పద్ధతి రాసినప్పుడు ఆమె ముందున్నది ఇళ్లు తిరిగి వివరాలు సేకరించిన అనుభవమే, ఫ్రాయిడ్ ఆలోచనలు ఆ తర్వాత వచ్చి అందులో కలిశాయి. టాస్క్ సెంటర్డ్ పద్ధతి (గడువు పెట్టుకుని, చిన్న చిన్న పనులు పంచుకుని చేసేది) కథ ఇంకా స్పష్టం. విలియం రీడ్, ఆన్ షైన్ కలిసి 1969లో ఒక పరిశోధన ప్రచురించారు. నెలల తరబడి సాగే కేస్‌వర్క్‌నూ ముందే గడువు పెట్టుకుని చేసిన కేస్‌వర్క్‌నూ పోల్చి చూస్తే, తక్కువ కాలం చేసింది కూడా ఏమాత్రం తీసిపోకుండా ఫలితమిచ్చింది. ఆ ఫలితం మీద రీడ్, లారా ఎప్‌స్టీన్ 1972లో ఆ పద్ధతిని కట్టారు. పని చేసి చూసి, పనిచేసిందాన్ని పట్టుకున్నారు. మన దేశంలో సోషల్ వర్క్ చదువు 1936లో బొంబాయిలో, క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ పూనికతో మొదలైంది. మనం ఇప్పటికీ చదివే మెథడ్లలో చాలావాటి మూలం అమెరికా నగరాల్లోనే ఉంది. అక్కడ పుట్టాయి కాబట్టి ఇక్కడ పనికిరావని నేను అనను, కాకపోతే పరకాల దగ్గరి ఊళ్లో వాడే ముందు ఒకసారి సరిచూసుకోవాలి.

పోలిక గాల్లో చేస్తే అర్థం కాదు కాబట్టి ఒక ఇంటిని అనుకుందాం. పరకాల వైపు ఒక పల్లె. నాలుగెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేసిన రైతు అప్పుల్లో మునిగి ఆత్మహత్య చేసుకున్నాడు. భార్యకు ముప్పై అయిదేళ్లుంటాయి, కూతురు హనుమకొండలో ఇంటర్ చదువుతోంది, కొడుకు ఊళ్లో బడికి వెళ్తున్నాడు. గింజలకూ మందులకూ అడ్తిదారు దగ్గర తెచ్చిన అప్పు ఉంది, సంఘం లోన్ ఉంది, మైక్రోఫైనాన్స్ కిస్తీ ఉంది. అత్తమామలు అదే ఇంట్లో ఉంటారు.

సైకోసోషల్ చూపుతో, అంటే మనసునూ చుట్టూ ఉన్న పరిస్థితినీ కలిపి చూసే చూపుతో వెళ్తే మీకు ముందు కనిపించేది దుఃఖం, దాంతో పాటు తప్పు తనదే అన్న భావం. "ఆ రోజు నేను పైసల కోసం లొల్లి పెట్టకపోతే బతికేటోడు" అంటుంది. ఇది నిజమైన బాధ, వినాలి, తొందరపడి సర్దిచెప్పొద్దు. మొదటి వారాలకైతే క్రైసిస్ ఇంటర్వెన్షన్ సరిపోతుంది. 1942లో బోస్టన్‌లో ఒక నైట్‌క్లబ్ తగలబడి వందల మంది చనిపోయాక, వాళ్ల కుటుంబాల దుఃఖాన్ని ఎరిక్ లిండెమన్ అధ్యయనం చేశాడు, దాని మీద జెరాల్డ్ కాప్లాన్ ఈ ఆలోచనను పెంచాడు. సంక్షోభం సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో ఏదో ఒక దారి పడుతుంది, ఆలోగా చేసిన కొద్దిపాటి సాయమే ఎక్కువ పనిచేస్తుంది అన్నది దాని సారాంశం. నిద్ర లేదు, తిండి లేదు, "నేను కూడా పోతా" అంటోంది అంటే మాత్రం థియరీ గురించి ఆలోచించే సమయం కాదు. ఒంటరిగా వదలొద్దు, మానసిక సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి.

అయితే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వెళ్లిన ప్రతిసారీ ఓదారుస్తూ నెలలు గడిపేస్తారు, ఆమె మాత్రం అప్పులవాళ్లు తలుపు కొడుతుంటే లోపల కూర్చుని ఉంటుంది.

సిస్టమ్స్ చూపుతో, లేదా కారెల్ జెర్మైన్, అలెక్స్ గిటర్‌మన్‌లు 1980లో లైఫ్ మోడల్‌గా రాసిన ఎకలాజికల్ చూపుతో వెళ్తే, అదే ఇంటిని ఒక కాగితం మీద గీస్తారు. దీన్నే ఈకోమ్యాప్ అంటాం. మధ్యలో ఆమె, పిల్లలు. చుట్టూ అత్తగారిల్లు, పుట్టిల్లు, మహిళా సంఘం, కాలేజీ, అడ్తిదారు, తహసీల్దార్ ఆఫీసు, పోలీస్ స్టేషన్. ఎవరితో మంచిగా ఉంది, ఎవరితో తెగిపోయింది, ఎవరి నుంచి ఒత్తిడి వస్తోంది అన్నది గీతల్లో చూపిస్తారు. నేనైతే ఈ గీత ఆమె ముందే, ఆమెను అడుగుతూ గీయమంటాను. పుట్టింటి వైపు గీత గీస్తుంటే "మా అన్నకు ఫోన్ చెయ్యనియ్యరు" అని నోరు విప్పడం మామూలే. గంటసేపు ప్రశ్నలు అడిగినా రాని సంగతి అట్లా వస్తుంది.

మూడో చూపు హక్కుల వైపు నుంచి, లేదా కష్టానికి మూలం వ్యవస్థలో ఉందనే స్ట్రక్చరల్ సోషల్ వర్క్ వైపు నుంచి. రైతు బీమా 2018లో వచ్చింది, 18 నుంచి 59 ఏళ్ల లోపు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. కానీ అది పట్టా పాసుపుస్తకం ఉన్నవాళ్లకే. సొంత భూమి లేని కౌలు రైతుకు పాసుపుస్తకం ఉండదు కాబట్టి ఈ ఇంటికి ఆ డబ్బు రాదు. రైతు ఆత్మహత్యలకు 2015 నాటి జీవో 194లో మొత్తం 6 లక్షల పరిహారం ఉంది, దానికి రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు విచారణ చేసి నిర్ధారించాలి, ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, అప్పుల కాగితాలు కావాలి. కౌలు నోటిమాట మీద నడిచింది, అడ్తిదారు చిట్టీ రాసుకున్నాడు తప్ప ఈమెకు ఏమీ ఇవ్వలేదు. ఇది ఆమె మనసులోని సమస్య కాదు, ఆమె ఇంటి సమస్య కూడా కాదు. ఎంత బాగా కౌన్సెలింగ్ చేసినా ఈ లోటు పూడదు.

ఈ మూడింట్లో ఏది ఎంచుకోవాలి? మొదటి నెల దాటాక అయితే, ఈ ఇంటికి నా సలహా ఈకోమ్యాప్‌తో చూడడం, టాస్క్ సెంటర్డ్‌గా పనిచేయడం. ఎందుకో చెప్తాను. టాస్క్ సెంటర్డ్‌లో సమస్యను ఎంచుకునేది క్లయింటే. "అక్కా, ఇప్పుడు నిన్ను అన్నిటికన్నా ఎక్కువ సతాయిస్తున్నదేంది?" అని అడగండి. మీరు పరిహారం అంటుందని అనుకుంటారు. ఆమె "పిల్ల ఫీజు కట్టకపోతే పరీక్షకు కూసోనియ్యమంటున్నరు" అంటుంది. అక్కడి నుంచే మొదలుపెట్టాలి. మూడు సమస్యలకు మించి పట్టుకోవద్దు, మూడు నెలల లోపు గడువు, ప్రతి వారం ఆమె చేయాల్సింది ఒకటి, మీరు చేయాల్సింది ఒకటి. కాలేజీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడడం మీ వంతు, సంఘం మీటింగ్‌లో కిస్తీ రెండు నెలలు ఆపమని అడగడం ఆమె వంతు. ఏం అడగాలో, ఎవరు అడ్డుచెప్తారో ముందురోజే ఇద్దరూ ఒకసారి అనుకోండి. తర్వాతి వారం వెళ్లి ఏం జరిగిందో చూడండి.

థియరీ అసలు అవసరం తెలిసేది ఇప్పుడే. తర్వాతి వారం వెళ్తే ఆమె మీటింగ్‌కు పోలేదు. మెథడ్ పుస్తకం చెప్పేది, అడ్డంకి ఏంటో చూసి టాస్క్ మార్చమని. అడ్డంకి ఏంటి మరి? దిగులుతో మంచం దిగలేకపోయిందా? భర్త పోయిన ఆడది నలుగురిలోకి వెళ్లొద్దని అత్త ఆపిందా? పరిహారం వస్తే చనిపోయిన తన కొడుకు పేరు మీద తనకే రావాలని మామ అనుకుంటున్నాడా, అందుకే ఈమె బయట తిరగడం ఆయనకు ఇష్టం లేదా? సంఘంలో ఈమె లోన్‌కు జామీను ఉన్నవాళ్లే ఎదురుగా కూర్చుంటారని భయమా? చేయని పని ఒక్కటే, కారణాలు నాలుగు, ఒక్కో కారణానికి మీ తర్వాతి అడుగు వేరు. మొదటిదైతే డాక్టరు దగ్గరికి, రెండోదైతే అత్తతో మాటలకు, మూడోదైతే ఉచితంగా న్యాయసాయం చేసే లీగల్ సర్వీసెస్ అథారిటీ దగ్గరికి, నాలుగోదైతే ముందుగా సంఘం లీడర్ ఇంటికి. థియరీ లేనివాళ్లు రికార్డులో "క్లయింట్ సహకరించడం లేదు" అని రాసి పక్కన పెట్టేస్తారు. ఆ ఒక్క వాక్యం చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే అది రాసిన రోజే ఆ ఇంటికి ఇంకో తలుపు మూసుకుపోతుంది.

పింకస్, మినాహన్ 1973లో చెప్పిన నాలుగు సిస్టమ్‌లు (మార్పు తెచ్చేవాళ్లు, క్లయింట్, మారాల్సినవాళ్లు, కలిసి పనిచేసేవాళ్లు) ఇక్కడ బాగా అక్కరకొస్తాయి. క్లయింట్ వేరు, మారాల్సింది వేరు. ఈ కేసులో క్లయింట్ ఈమె, కానీ మారాల్సినవాళ్లు కాలేజీవాళ్లు, కిస్తీలు వసూలు చేసేవాళ్లు, ఫైలు కదపని ఆఫీసు. దీన్ని మర్చిపోతే క్లయింట్‌నే మార్చాలని కూర్చుంటాం.

ఇప్పుడు తాగుడు కేసు. ఇక్కడ థియరీ ఎంపిక తప్పితే మెథడ్ ఎంత బాగా చేసినా వృథా. ప్రోచాస్కా, డిక్లెమెంటే 1980ల మొదట్లో చెప్పిన మార్పు దశల ప్రకారం అందరూ ఒకే చోట ఉండరు. ఒకడు తనకు సమస్యే లేదంటాడు, ఒకడు మానాలా వద్దా అని ఊగుతుంటాడు, ఒకడు సిద్ధంగా ఉంటాడు. దానికి తగ్గ మెథడ్ విలియం మిల్లర్ 1983లో మొదలుపెట్టిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. వాదించొద్దు, ఉపదేశం చేయొద్దు, ఆయన నోటితోనే ఆయన కారణాలు చెప్పించాలి. తనంతట తానే "మానేద్దామనుకుంటున్న" అని వచ్చినవాడికి ఇది బాగా పనిచేస్తుంది. బావమరిది జబ్బ పట్టుకుని లాక్కొచ్చినవాడితో కూడా ఇదే నయం, టాస్క్ సెంటర్డ్ మాత్రం పెట్టొద్దు, ఎందుకంటే సమస్య తనదని ఒప్పుకోనివాడికి టాస్క్ ఇస్తే తలూపి వెళ్లిపోతాడు. రోజూ ఎక్కువగా తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావొచ్చు, ప్రాణానికే ప్రమాదం కావొచ్చు, కాబట్టి డాక్టరుకు చూపించకుండా "రేపటి నుంచి ముట్టొద్దు" అని మాట తీసుకోవద్దు.

అదే ఊళ్లో ఇంకో పది ఇళ్లలో ఇదే గొడవ ఉంటే? కిరాణా కొట్టు వెనక బెల్టు షాపు నడుస్తుంటే? అప్పుడు కష్టం ఒక్కడి అలవాటులో ఉందనడం సరిపోదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కథ మనందరికీ తెలుసు, 1995లో మద్యనిషేధం వచ్చేదాకా వెళ్లింది, 1997లో ఎత్తేశారు కూడా. ఆ ఉద్యమం మొదలైంది పెద్దల అక్షరాస్యత తరగతుల దగ్గర, అంటే గ్రూపుగా కూర్చున్న చోట. ఒక ఇంటికి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్, ఊరికి కమ్యూనిటీ ఆర్గనైజేషన్ (ఊరివాళ్లను కూడగట్టడం), రెండూ ఒకేసారి నడపొచ్చు. ఇద్దరు విద్యార్థులు ఒకే ప్లేస్‌మెంట్‌లో (ఫీల్డ్‌వర్క్‌కు పంపిన చోట) ఉంటే పంచుకోండి, ఒక్కరే ఉంటే ముందు ఇంటి పని చేయండి, ఊరి పనికి మహిళా సంఘం వాళ్లను ముందు పెట్టండి.

గృహహింసలో మాత్రం నా మాట గట్టిగా చెప్తాను, అక్కడ సిస్టమ్స్ థియరీని మొదటి చూపుగా వాడొద్దు. ఒకరి ప్రవర్తన ఇంకొకరిని కదిలిస్తుంది, అందరూ కలిసి ఒక చక్రంలో ఉన్నారు అంటుంది అది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ దాని వెంట వచ్చే మెథడ్ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం, ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీ చేసేదీ అదే. భర్త పక్కన కూర్చున్నప్పుడు ఆమె నిజం చెప్పదు, చెప్తే ఆ రాత్రి దెబ్బలు తింటుంది. 1980లలో అమెరికాలోని డులూత్‌లో దెబ్బలు తిన్న ఆడవాళ్ల మాటల నుంచే, హింస అనేది కోపం కాదు, అదుపులో పెట్టుకోవడం అని ఒక చక్రంలా గీశారు. డబ్బు ఆపడం, ఫోన్ లాక్కోవడం, పుట్టింటికి పోనియ్యకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. ఈ చూపుతో వెళ్తే మెథడ్ మారిపోతుంది. ముందు విడిగా మాట్లాడడం, ప్రాణభయం ఉందేమో తెలుసుకోవడం, రాత్రికి రాత్రి పోవాల్సి వస్తే ఎవరింటికి పోతుందో, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు ఎక్కడ పెడుతుందో మాట్లాడుకోవడం, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు, సఖి సెంటర్, 2005 గృహహింస చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసర్ సంగతి చెప్పడం. కలిసి ఉండాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. మీ ఏజెన్సీలో, అంటే మీరు పనిచేసే సంస్థలో రాజీలు ఎక్కువ చేస్తే మంచి పేరు వస్తుందని ఎవరైనా అంటే, దానికి లొంగొద్దు.

బాల్యవివాహం, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో మీకు ఎంపిక చాలా తక్కువ. చట్టం ఏం చెప్తే అది ముందు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్, చైల్డ్ వెల్ఫేర్ కమిటీ, ఆ తర్వాతే మిగతావి.

నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి వైపు ప్లేస్‌మెంట్ పడ్డవాళ్లకు బీడీ కార్మికుల వాడలు ఎదురవుతాయి. ఇక్కడ ఒక్కొక్కరినీ కేస్‌వర్క్ కింద పట్టుకోవడం నాకు నచ్చదు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి, బాగాలేవని పక్కన తీసేసిన బీడీలకు పైసా రాదు, నడుం నొప్పి, దగ్గు, పీఎఫ్ నంబరు కొందరికి ఉంటుంది కొందరికి ఉండదు. ఒకే కష్టం ఇంటింటికీ ఉన్నప్పుడు జాక్ రోత్‌మన్ 1968లో చెప్పిన మూడు దారులను పోల్చి చూడండి. వాడవాళ్లంతా కలిసి తమ పని తాము చేసుకునేట్టు చేయడం ఒకటి, లెక్కలు తీసి పథకం వేసి అధికారుల ముందు పెట్టడం ఒకటి, నిలదీసి హక్కు సాధించుకోవడం ఒకటి. పీఎఫ్ నంబర్లు రానిది కాగితాలు సరిగా లేక అయితే రెండోది చాలు. కార్ఖానా వాళ్లు కావాలని ఎగ్గొడుతుంటే మూడోది తప్పదు, కార్మిక చట్టాలు చేతిలో ఉన్నాయి, యూనియన్లు ఉన్నాయి. కానీ ఆర్నెల్ల ప్లేస్‌మెంట్‌కు వచ్చిన విద్యార్థి ముందుండి గొడవ లేపి, మేలో హాల్‌టికెట్ తీసుకుని వెళ్లిపోతే, ఆ తర్వాత కార్ఖానా వాళ్లు బీడీ ఆకు ఇవ్వకుండా ఆపేసేది ఆ ఆడవాళ్లకే. అందుకే యూనియన్‌వాళ్లు సిద్ధంగా ఉన్నారని తేలేదాకా మూడోదాని జోలికి పోవద్దంటాను.

స్ట్రెంగ్త్స్ పర్‌స్పెక్టివ్ (లోటు కాకుండా మనుషుల్లో ఉన్న బలాన్ని ముందు చూడడం) గురించి అడుగుతారు, కాన్సాస్‌లో పుట్టింది, డెన్నిస్ సాలీబీ పేరుతో చదువుతాం. ఏటూరునాగారం వైపు కోయ గూడేలకు వెళ్లేవాళ్లు ఇది తప్పక చదవాలి, ఎందుకంటే అక్కడికి వెళ్లిన చాలామంది లేనివాటి జాబితాతోనే తిరిగొస్తారు. గూడెంలో పంపకం ఎట్లా జరుగుతుంది, ఎవరికి జబ్బు చేస్తే ఎవరు నిలబడతారు అని అడిగితే మీకు తెలియని బలం కనిపిస్తుంది. కాకపోతే ఇది చూసే తీరు మాత్రమే, పోడు పట్టా రాని కుటుంబానికి మీలో బలం ఉందని చెప్పి వచ్చేయడం అన్యాయం. 2006 అటవీ హక్కుల చట్టం కింద క్లెయిమ్ ఎక్కడ ఆగిందో కూడా కనుక్కోవాలి.

"ఎక్లెక్టిక్ అప్రోచ్ వాడాను" అని రాయడం గురించి ఒక మాట. నాలుగు థియరీల నుంచి నాలుగు ముక్కలు తీసుకోవడంలో తప్పులేదు, అనుభవం ఉన్నవాళ్లంతా చేసేది అదే. ఏ ముక్క ఎందుకు తీసుకున్నారో, అది తప్పయితే ఫీల్డ్‌లో మీకు ఏం కనిపిస్తుందో చెప్పగలగాలి. మూడో విజిట్‌కు ముందే రెండు లైన్లు రాసి పెట్టుకోండి. ఉదాహరణకు, "అత్త ఆపడం వల్లే మీటింగ్‌కు పోలేదనుకుంటున్నాను, అత్త ఒప్పుకున్నాక కూడా పోకపోతే నా అంచనా తప్పు." అత్త ఒప్పుకుని ఆమె పోకపోతే అప్పుడు మనసు వైపో, జామీను వైపో చూడండి. ఇట్లా రాసిన రికార్డు చూస్తే వైవాలో అడిగేవాళ్లకు కూడా అడగడానికి నిజమైన ప్రశ్న దొరుకుతుంది.

ఏజెన్సీ కౌన్సెలింగ్ తప్ప ఇంకేదీ చేయనివ్వకపోతే ఏం చేయాలని చాలామంది టెన్షన్ పడతారు. నిజమే, మెథడ్‌ను చాలాసార్లు ఏజెన్సీయే నిర్ణయిస్తుంది. హాస్పిటల్ ప్లేస్‌మెంట్‌లో మీకు దొరికేది ఓపీ బయట పదిహేను నిమిషాలు, అందులో నెలల సైకోసోషల్ పని సాగదు, ఊరి పని అసలే సాగదు. అప్పుడు చూపును మాత్రం చిన్నది చేసుకోవద్దు. పదిహేను నిమిషాల్లో మందులు ఎట్లా వేసుకోవాలో చెప్తూనే, బస్సు చార్జీ లేక రెండోసారి రాలేదా అని అడగొచ్చు, వాళ్ల ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి అప్పజెప్పొచ్చు. సెకండియర్ ప్లేస్‌మెంట్ ఎంచుకునే అవకాశం ఉన్నవాళ్లకు నేను చెప్పేది, ఫస్టియర్‌లో హాస్పిటల్‌లోనో సఖిలోనో చేసినవాళ్లు ఈసారి ఊళ్లలో పనిచేసే సంస్థకు వెళ్లండి, ఊళ్లలో చేసినవాళ్లు ఒక్కో మనిషితో కూర్చునే చోటికి వెళ్లండి. లిస్టు పెట్టకముందే డిపార్ట్‌మెంట్‌లో అడగండి, తర్వాత మార్చడం కష్టం.